లేబర్ రూమ్‌లో తోడు

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జెఫర్సన్ డేవిస్ ఆసుపత్రి పేదవాళ్లు వెళ్లే ప్రభుత్వాసుపత్రిగా ఉండేది. 1980లలో అక్కడి కాన్పుల వార్డులో జాన్ కెనెల్ అనే పిల్లల డాక్టరూ ఆయన సహచరులూ ఒక పరిశోధన చేశారు. తొలి కాన్పుకి వచ్చిన 412 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. మొదటి జట్టులో ప్రతి గర్భిణి పక్కనా ఒక స్త్రీ బిడ్డ పుట్టేదాకా కూర్చుంది. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. చెయ్యి పట్టుకునేది, నడుము రుద్దేది, ఇప్పుడేం జరుగుతోందో అర్థమయ్యే మాటల్లో చెప్పేది. రెండో జట్టువాళ్ల గదిలోనూ ఒక స్త్రీ ఉంది, కానీ మంచానికి దూరంగా. ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, ఏం చేశారు అని రాసుకోవడమే ఆమె పని. గర్భిణితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఇవి కాక, అదే వార్డులో మామూలు పద్ధతిలో కన్న మరో 204 మంది వివరాలు పోలిక కోసం కాన్పయ్యాక తీసుకున్నారు.

ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. ఎవరూ తోడు లేనివాళ్లలో 18 శాతానికి సిజేరియన్ అయితే, తోడున్నవాళ్లలో 8 శాతానికే అయింది. మామూలు కాన్పు అయినవాళ్లను చూస్తే, నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు తోడు లేనివాళ్లలో 55 శాతం తీసుకుంటే, తోడున్నవాళ్లలో 8 శాతమే తీసుకున్నారు. ఇక్కడిదాకా మన ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా ముందే చెప్పగలరు. నన్ను ఆపేసేది మధ్య జట్టు. మాట్లాడని మనిషి గదిలో ఉన్నవాళ్లలో సిజేరియన్లు 13 శాతం, మత్తు 23 శాతం. నొప్పులు పడిన సమయమూ అదే వరసలో ఉంది: తోడున్నవాళ్లకు సగటున 7.4 గంటలు, మౌనంగా చూసే మనిషి ఉన్నవాళ్లకు 8.4, ఎవరూ లేనివాళ్లకు 9.4. ఏమీ చేయకుండా, ఏమీ మాట్లాడకుండా, లేచి వెళ్లిపోకుండా ఒక మనిషి ఉండడం వల్లే ఇంత తేడా వచ్చినట్టు కనిపిస్తోంది.

ఈ ఫలితాలకు దాదాపు పదేళ్ల ముందు కెనెల్, మార్షల్ క్లాస్, రాబర్టో సోసా ఇదే విషయాన్ని గ్వాటెమాలా నగరంలోని సోషల్ సెక్యూరిటీ ఆసుపత్రిలో చూశారు. కిక్కిరిసిన వార్డు, లోపలికి ఇంటివాళ్లకు ప్రవేశం లేదు. తొలి కాన్పు స్త్రీలు కొందరికి మాత్రం ఒక తోడును ఇచ్చారు. ఆ తోడుగా వచ్చినామె వాళ్లకు అంతకుముందు ముఖపరిచయం కూడా లేని మనిషి. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా తోడు లేనివాళ్లకు సగటున 19.3 గంటలు పడితే, తోడున్నవాళ్లకు 8.8 గంటలు పట్టింది. జట్టుకి 20 మందే ఉన్న చిన్న లెక్క కాబట్టి ఆ అంకెల మీద మరీ బరువు పెట్టకూడదు. కానీ తోడున్న తల్లులు కాన్పయ్యాక మెలకువగా ఉన్నారనీ, బిడ్డను ఎక్కువగా నిమిరి, నవ్వి, పలకరించారనీ కూడా వాళ్లు రాశారు. ఆ మాట నాకు గంటల లెక్క కన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది.

పక్కన మనిషి ఉంటే గర్భాశయానికి ఎలా తెలుస్తుంది?

నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి విడతలు విడతలుగా విడుదలవుతుంది. బిడ్డ తల కిందికి దిగి గర్భాశయ ముఖద్వారాన్ని నొక్కుతుంటే అక్కడి నరాలు ఆ కబురును మెదడుకు చేరవేస్తాయి. మెదడు ఇంకొంచెం ఆక్సిటోసిన్ వదులుతుంది, నొప్పి ఇంకొంచెం బలంగా వస్తుంది, తల ఇంకొంచెం నొక్కుతుంది. ఈ చక్రం బిడ్డ పుట్టేదాకా తిరుగుతూనే ఉంటుంది. 1953లో విన్సెంట్ డు విన్యో ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారుచేశాడు. రెండేళ్ల తర్వాత ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ సెలైన్ బాటిల్లో కలిపి ఎక్కిస్తున్నది అదే. 'నొప్పుల సూది', 'నొప్పుల సెలైన్' అని మనవాళ్లు అనేది దాన్నే. అది గర్భాశయాన్ని బిగిస్తుంది. కానీ రక్తంలో ఎక్కించినది మెదడులోకి దాదాపుగా చేరదు. శరీరం సొంతంగా చేసుకున్న ఆక్సిటోసిన్ అలా కాదు, మెదడు లోపల కూడా పనిచేసి భయాన్ని కాస్త తగ్గిస్తుంది, మనుషులను దగ్గరగా అనిపించేలా చేస్తుంది.

భయం పుట్టినప్పుడు ఒంట్లోకి వచ్చే అడ్రినలిన్ దీనికి ఎదురు పనిచేస్తుంది. గర్భాశయ కండరం మీద బీటా-2 అనే గ్రాహకాలుంటాయి. అడ్రినలిన్ వాటిని తాకితే కండరం వదులవుతుంది. నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే ఆపడానికి మన దగ్గర డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా ఐసాక్సుప్రిన్ మాత్రలు రాస్తున్నారు. ఆ మందు తట్టేది కూడా ఈ గ్రాహకాలనే. అంటే, నొప్పులు పడుతున్న అమ్మాయిని బెదరగొట్టడమంటే నొప్పులను ఆపే మందు లాంటిదాన్ని ఆమె ఒంట్లోనే పుట్టించడం. 1970లలో రెజీనా లెడర్మన్ 32 మంది తొలి కాన్పు స్త్రీల రక్తాన్ని పరీక్షించినప్పుడు, ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లలో అడ్రినలిన్ ఎక్కువగా ఉంది. అది ఎక్కువగా ఉన్నచోట గర్భాశయం బిగువు తక్కువగా, నొప్పుల కాలం ఎక్కువగా ఉంది.

జంతువుల్లో ఇది ఇంకా సూటిగా కనిపించింది. 1960లలో నైల్స్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఈనుతున్న చిట్టెలుకలను రెండు అరచేతుల మధ్య ఒక్క నిమిషం పట్టుకుని మళ్లీ బోనులో వదిలింది. వాటిని ఏమీ చేయలేదు, నొప్పి కలిగించలేదు. అయినా తర్వాతి పిల్ల పుట్టడం ఆలస్యమైంది. ఈనే సమయంలో అలికిడైతే ఆపుకుని, కుదురైన చోటికి వెళ్లి ఈనడం అడవి జంతువుకు ప్రాణరక్షణ. ఆ ఏర్పాటు మన ఒంట్లోనూ మిగిలే ఉంది. లేబర్ రూమ్‌లో నెత్తిమీద తెల్లటి లైటు, పక్క బల్ల మీద కేక, ఎవరో తెలియని మనిషి చెప్పాపెట్టకుండా చేసే లోపలి పరీక్ష, ఇవన్నీ దానికి అలికిడే.

తొలి కాన్పులో ఈ అలికిడి ఎక్కువ దెబ్బతీయడానికి కారణం కాలం. రెండో కాన్పుకి దారి అలవాటై ఉంటుంది. మొదటిసారి ముఖద్వారం ముందు పలచబడి ఆ తర్వాతే నెమ్మదిగా తెరుచుకుంటుంది. అమెరికన్ డాక్టరు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 1950లలో గీసిన గ్రాఫును పట్టుకుని, గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోకపోతే నొప్పులు మందగించినట్టేనని ప్రపంచమంతా అరవై ఏళ్లు లెక్కగట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కను పక్కన పెట్టింది. అసలు నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందనీ, తొలి కాన్పులో అక్కడి నుంచి 12 గంటల దాకా పట్టవచ్చనీ, తల్లీబిడ్డా బాగుంటే గంటకు సెంటీమీటరు కాలేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోకూడదనీ చెప్పింది. పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డను బయటికి నెట్టడానికి తొలిసారి మూడు గంటల వరకూ పట్టవచ్చు. ఇంతసేపు ఒక అమ్మాయి తనకేమవుతోందో తెలియక, అడగడానికి ఎవరూ లేక గడియారం చూస్తూ పడుకుంటే, ఆ గంటలే ఆమెను 'నా వల్ల కాదు, కోసెయ్యండి' అనేదాకా తీసుకొస్తాయి.

అలాంటి అమ్మాయి దగ్గర శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఏం చేస్తుందో చూద్దాం. ముందు తన పేరు చెప్పి, ఆమె పేరు అడుగుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టదు. అలా పడుకుంటే బిడ్డ బరువు పెద్ద రక్తనాళాల మీద పడి గర్భాశయానికి రక్తం తగ్గుతుంది, నడుం నొప్పి పెరుగుతుంది. లేచి నడవమంటుంది, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి తుంటిని గుండ్రంగా తిప్పమంటుంది, గోడకో మంచం తలగడ వైపుకో ఆనుకుని ముందుకు వంగమంటుంది. నొప్పి మొదలవుతుండగానే తన అరచేతి మడమను ఆమె త్రికాస్థి మీద, అంటే వెన్నుపూస పిరుదుల్లో కలిసేచోట, ఆనించి తన ఒంటి బరువంతా వేసి నొక్కుతుంది. బిడ్డ తల లోపలి నుంచి తోస్తున్న చోటే బయటి నుంచి ఎదురు ఒత్తిడి దొరుకుతుంది. నొప్పి దిగిపోగానే చెయ్యి తీసి రెండు గుక్కల నీళ్లో మజ్జిగో ఇస్తుంది. నొప్పి ఉన్నప్పుడు మాట్లాడదు. నొప్పికీ నొప్పికీ మధ్య మాట్లాడుతుంది, అదీ తక్కువగా: 'ఇప్పుడొచ్చింది పోయింది తల్లీ, అది మళ్లీ రాదు. భుజాలు వదిలెయ్యి. దవడ వదులు చెయ్యి. ఊపిరి నెమ్మదిగా బయటికి వదులు.'

ఈ మాటల మధ్యే ఆమె అసలు వైద్యం జరుగుతోంది. అరగంటకోసారి, తర్వాత పావుగంటకోసారి, నెట్టే దశలో అయిదు నిమిషాలకోసారి చిన్న డాప్లర్‌తో బిడ్డ గుండె వింటుంది. ఉమ్మనీటి రంగు చూస్తుంది. లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారే, అదీ ముందు చెప్పి, అమ్మాయి సరేనన్నాకే, నొప్పి లేనప్పుడే చేస్తుంది. గుండె లయ తప్పినా, రక్తం ఎక్కువ పోయినా, బీపీ ఎగసినా ఆ క్షణమే డాక్టరును పిలుస్తుంది. మిడ్‌వైఫ్‌కూ వెనకటి మంత్రసానికీ తేడా ఇక్కడుంది. మంత్రసాని దగ్గర ఓపికా ధైర్యం చెప్పే గుణం ఉండేవి. బిగుసుకున్న మాయకూ ఆగని రక్తస్రావానికీ ఆమె దగ్గర మందు లేదు, ఆ రోజుల్లో ఎందరు బాలింతలు చనిపోయారో ప్రతి కుటుంబంలోనూ ఒక కథ ఉంది. ఆమె ఓపికనూ మెటర్నిటీ వార్డు మందులనూ ఒకే మనిషి చేతుల్లో పెట్టడమే ఆధునిక మిడ్‌వైఫరీ అని నా అవగాహన.

మన దగ్గర లేబర్ రూమ్‌లోని మాటతీరు గురించి ఎవరిని అడిగినా చెబుతారు. 'అరవకు', 'కాళ్లు దగ్గరికి తెస్తే దెబ్బలు పడతాయి', 'అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా'. తొడమీద చరిచిన చేతినీ ఆ మాటనూ ఇరవై ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునే ఆడవాళ్లున్నారు. ఇది మన రోగం మాత్రమే కాదు. ఘనా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో 2,016 కాన్పులను పరిశీలకులు దగ్గరుండి చూసి 2019లో ప్రకటించిన లెక్కలో 41.6 శాతం స్త్రీలు కొట్టడమో తిట్టడమో చిన్నచూపో ఎదుర్కొన్నారు. అవి అన్నిటికన్నా ఎక్కువగా జరిగింది బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి పుట్టిన పావుగంట వరకూ. ఆమెకు ఇంకో మనిషి అవసరం అత్యధికంగా ఉండేది సరిగ్గా ఆ సమయంలోనే. ఒక్క నర్సు నాలుగు బల్లల మధ్య పరుగెత్తే చోట ఓపిక మిగలదన్నది నిజమే. దానికి జవాబు మనుషులను పెంచడం, గర్భిణి మీద అరవడం కాదు.

మనకు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారం ఉంది. సీమంతం చేసి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకొస్తాం. అమ్మ, మేనత్త, పిన్ని చుట్టూ ఉంటారు. అన్ని నెలలూ ఆమెను ఒంటరిగా పెరట్లోకి కూడా పంపరు. తీరా నొప్పులొచ్చి ఆసుపత్రికి చేరాక, లేబర్ రూమ్ తలుపు దగ్గర అమ్మను ఆపేస్తారు. ఆ పన్నెండు గంటలూ తల్లి బయట బెంచీ మీద, కూతురు లోపల బల్ల మీద. కాన్పు జరిగే గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వాసుపత్రులకు చెప్పింది. తమిళనాడు అంతకు చాలా ముందే, 2004లో, ఈ పని మొదలుపెట్టింది. చాలాచోట్ల అడ్డం పడేది బల్లకీ బల్లకీ మధ్య కర్టెన్ లేకపోవడం. వేల రూపాయల్లో అయిపోయే ఆ కర్టెన్ లేక ఎందరు తల్లులు బయట ఉండిపోతున్నారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతికి ఇంకో తొందర కూడా ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఆ సర్వేలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం. ముహూర్తాలు, ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయం, డాక్టర్ల మీద దాడుల భయం, అన్నిటికీ ఇందులో వాటా ఉంది. సిజేరియన్ అవసరమైనప్పుడు ప్రాణం కాపాడే శస్త్రచికిత్స, చేయించుకున్న ఏ తల్లీ చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. కానీ తొలి కాన్పులో కోత పడితే రెండోసారీ దాదాపు కోతే. అందుకే తొలి కాన్పు గదిలో భయంతో తీసుకున్న నిర్ణయం ఆ స్త్రీ తర్వాతి కాన్పులన్నిటినీ తేల్చేస్తుంది.

ఈ సర్వేకు ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ తన ఆసుపత్రిలో 2011 నుంచే ఈ శిక్షణ ఇస్తున్నారు. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు దేశవ్యాప్తంగా మార్గదర్శకాలు తెచ్చింది. ప్రమాద సూచనలు లేని కాన్పును మొదటి నుంచి చివరిదాకా మిడ్‌వైఫ్ చూసుకుంటుంది, చిక్కు వస్తే పక్క గదిలోని డాక్టరు వస్తారు. ఇదీ పద్ధతి.

తోడు ఉంటే కోతలు తగ్గుతాయన్నదాన్ని కాదనే లెక్క ఒకటుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. 2002లో ఎలెన్ హాడ్నెట్ బృందం అమెరికా, కెనడాల్లోని 13 ఆసుపత్రుల్లో 6,915 మంది స్త్రీలతో ఒక పెద్ద పరిశోధన చేసింది. ప్రత్యేక శిక్షణ ఇచ్చిన ఆసుపత్రి నర్సులే తోడున్నారు. సిజేరియన్లు ఒక జట్టులో 12.5 శాతం, రెండో జట్టులో 12.6. తేడా లేదు. హ్యూస్టన్‌లో పనిచేసిన తోడు ఇక్కడెందుకు పనిచేయలేదు? ఆ నర్సులు ఆసుపత్రి మనుషులు. మెషీన్లూ సెలైన్లూ మత్తు సూదులూ దినచర్యగా మారిన చోట, వాటన్నిటి మధ్య నిలబడి చెయ్యి పట్టుకున్నారు. అమ్మాయిని లేచి నడవనివ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో లేదు. పక్కన మనిషి ఉండడంతో పాటు, ఆ గది నడిచే తీరు కూడా మారాలన్నది నేను అర్థం చేసుకున్నది. మిడ్‌వైఫ్ నడిపే సంరక్షణను పరీక్షించిన 17 పరిశోధనలను కలిపి 2024లో చేసిన సమీక్షలో సిజేరియన్లు తగ్గాయి, మామూలు కాన్పులు పెరిగాయి, స్త్రీల అనుభవం మెరుగ్గా ఉంది. వాటిలో మిడ్‌వైఫ్ గర్భిణిని నెలల ముందు నుంచీ ఎరిగిన మనిషి, నిర్ణయాల్లో మాట చెల్లే మనిషి. ఇక హాడ్నెట్ ప్రారంభించి, తర్వాత మేగన్ బోరెన్ నడిపిన 2017 సమీక్షలో 17 దేశాల 26 పరిశోధనలున్నాయి, 15,858 మంది స్త్రీలున్నారు. పెద్ద సంఖ్యల్లోనూ తోడు మేలు చేస్తుందనే తేలింది. కాన్పు గురించి చేదు అనుభూతి మిగిలే అవకాశం దాదాపు మూడో వంతు తగ్గింది.

ఆ అనుభూతి సంగతి దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో ఇంకా తేటగా బయటపడింది. కరోనేషన్ ఆసుపత్రిలో జస్టస్ హాఫ్‌మైర్, వెండీ-లిన్ వోల్మన్ బృందం తొలి కాన్పు స్త్రీలకు ఆ పేటల్లోని మామూలు ఆడవాళ్లనే తోడుగా పెట్టింది. నొప్పుల వేగంలో ఏ మార్పూ రాలేదు. ఇక్కడ తోడు గర్భాశయాన్ని మార్చలేదు. కానీ ఆరు వారాల తర్వాత చూస్తే, తోడున్న తల్లుల్లో దిగులు తక్కువ, ఆందోళన తక్కువ, తమ మీద తమకు నమ్మకం ఎక్కువ, బిడ్డకు తల్లిపాలే పట్టేవాళ్లు ఎక్కువ. అంటే గంటలూ కోతలూ ఏమీ మారకపోయినా, ఆ గదిలో తను ఒంటరిగా లేనన్న ఒక్క సంగతి ఆరు వారాల దాకా ఆమెలో పనిచేస్తూనే ఉంది. సియాటెల్‌లో పెనీ సిమ్‌కిన్ తొలి కాన్పు జరిగిన దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత స్త్రీలను కలిసి, అప్పట్లో వాళ్లు రాసుకున్న కాగితాలతో పోల్చి చూసింది. డాక్టరూ నర్సూ అన్న మాటలు, చేసిన పనులు వాళ్లకు చాలావరకు చెక్కుచెదరకుండా గుర్తున్నాయి.

మన దేశంలో 38 పరిశోధనలను కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం బాలింతల్లో 22 శాతానికి డిప్రెషన్ ఉంటుంది. కాన్పయిన మూడో నాలుగో రోజున కారణం లేకుండా ఏడుపు రావడం వేరు, అది చాలామందికి వస్తుంది, రెండు వారాల్లోపే పోతుంది. రెండు వారాలు దాటినా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డ పడుకున్నప్పుడు కూడా పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోవడం లేదని ఆమె అంటే, తను లేకపోతేనే నయమనిపిస్తోందంటే, దాన్ని 'పచ్చి బాలింత, అంతే' అని తోసేయకూడదు. దిష్టి తీసినా తీయండి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ఆడపిల్ల పుట్టినందుకు అత్తింట్లో మొహాలు మాడ్చుకున్న ఇళ్లలో ఇది ఎక్కువని గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2002లోనే చూపించింది.

మంచి మిడ్‌వైఫ్ పని మాయ పడడంతో ముగియదు. మర్నాడు వార్డుకి వచ్చి కూర్చుని 'నిన్న ఎలా గడిచిందో చెప్పమ్మా' అంటుంది. అమ్మాయి చెబుతుంది: ఫలానా సమయంలో భయపడ్డాను, ఫలానా మాటకు బాధపడ్డాను, బిడ్డ గుండె తగ్గిందన్నప్పుడు ఏం జరిగిందో నాకర్థం కాలేదు. మిడ్‌వైఫ్ కేస్‌షీటు తెరిచి ఆ గంటలో ఏమైందో, ఎందుకు డాక్టరును పిలిచిందో వివరిస్తుంది. సిజేరియన్ అయినవాళ్లకు ఈ మాటలు ఇంకా అవసరం.

ఇంట్లో తొలిచూలు అమ్మాయి ఉంటే ఏడో నెల పరీక్షకు వెళ్లినప్పుడే ఆసుపత్రిలో అడగండి: లేబర్ రూమ్‌లోకి అమ్మనో అక్కనో రానిస్తారా? మిడ్‌వైఫ్ ఉన్నారా? నొప్పుల్లో నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా? లోపలికి వెళ్లే మనిషిని అప్పుడే ఎంచుకోండి. తను కన్న మనిషై ఉండాలి, కంగారుపడని మనిషై ఉండాలి, 'నా కాన్పప్పుడు ఎంత రక్తం పోయిందో' అని కథలు చెప్పని మనిషై ఉండాలి. ఫోను బయట వదిలి వెళ్లమనండి. కాన్పయ్యాక దిగులు తగ్గకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.